పైకప్పు 3 అంగుళాలు కోసిన 1953 షెవర్లే పికప్ క్యాబిన్ దొరికింది. బాగుచేయాలా, తుక్కుకి వేయాలా?

డాలస్_పాతబండి
నా దగ్గర 1953 షెవర్లే 3100 పికప్ ఉంది. ఛాసిస్, వెనక తొట్టి, మడ్‌గార్డులు, ఇంజను అన్నీ బాగున్నాయి. క్యాబిన్ మాత్రం పనికిరాదు. పాత ఓనర్ ఇంట్లో గాలివానకి పెకాన్ చెట్టు పెద్ద కొమ్మ విరిగి దాని మీద పడింది. పైకప్పు సీటు దాకా దిగిపోయింది, ఇక దానికి చేసేదేమీ లేదు.

ఆరు నెలలు వెతికితే ఓక్లహోమాలో ఒక పొలంలో ఇంకో క్యాబిన్ దొరికింది. 900 డాలర్లు. వెనక మూలల్లో కూడా అద్దాలుండే ఐదు కిటికీల రకం. ఎప్పుడో ఎవరో హాట్‌రాడ్ (వేగం కోసం కోసి మార్చుకునే పాత బండి) చేద్దామని పైకప్పుని మోసే స్తంభాలు కోసి పైకప్పు 3 అంగుళాలు దించారు. ఫైర్‌వాల్ (ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య గోడ) కోసి లోపలికి జరిపారు, గేర్‌బాక్స్ కోసం ఫ్లోర్ కోశారు. అమ్మినాయన "కింద కొంచెం తుప్పు ఉంది, డోర్లు బానే పడతాయి" అన్నాడు. నేను నమ్మాను.

ఇంటికి తెచ్చి అయస్కాంతం పెడితే వెనక మూలల్లో అంటుకోవడం లేదు. గీకితే అర అంగుళం మందాన పుట్టీ, దాని కింద ఒక మాటు, ఆ మాటు కింద ఇంకో మాటు. వాటి వెనక అసలు రేకే లేదు. డ్రైవర్ వైపు, అంటే ఇక్కడ ఎడమ వైపు, డోర్ హ్యాండిల్ పట్టుకుని పైకి ఎత్తితే గానీ పడదు. డోర్ వెనక అంచు వెంబడి పైభాగంలో సందు అసలు లేదు, కింద వేలు దూరుతోంది. కోసినప్పుడే క్యాబిన్ మెలితిరిగిపోయిందని నా అనుమానం.

ఇంట్లో వెల్డింగ్ మిషన్ ఉంది, రెండేళ్లుగా చిన్నచిన్న పనులు చేస్తున్నాను. ఇంత పెద్ద పని ఎప్పుడూ చేయలేదు. దీని మీద ఇంకో ఏడాది పెట్టొచ్చా, లేక ఆ 900 పోయాయనుకుని వేరే క్యాబిన్ వెతుక్కోవాలా? నాలుగు రోజులుగా నిద్ర పట్టడం లేదు.

అసలురూపు
వేరేది వెతకండి. 1947 నుంచి 1955 మొదటి నెలల దాకా ఇదే క్యాబిన్ చేశారు, లక్షల్లో చేశారు, ఇంకా దొరుకుతాయి. కోసిన క్యాబిన్ అంటే ఇంకొకరి తప్పులన్నీ మనం మోయడమే. పైగా 1951 నుంచి డోర్లలో ముందు వైపు తిప్పుడు అద్దం పెట్టారు, మీ డోర్లలో ఆ ఫ్రేము కూడా కోసే ఉంటారు. అవి సరిగ్గా కోసి ఉండకపోతే వాన ఆగదు.

న్యూజెర్సీ_చందు
ఓక్లహోమా క్యాబిన్ కాబట్టి ఇంకా మిగిలింది. మా వైపు చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ కాలపు క్యాబిన్లు నడుము దాకా తినేసి ఉంటాయి. నేను చూసిన మూడింటిలో ఒకదానికి కూడా స్తంభాల అడుగు లేదు. మీ పైకప్పు, కౌల్ (ముందు అద్దం కింద ఉండే భాగం), అద్దం చుట్టూ రేకు గట్టిగా ఉందా? అది చెప్పండి ముందు.

వెల్డర్_శ్రీను
నిర్ణయం తర్వాత. ముందు డోర్ సందుల్లో స్క్వేర్ పైపు అడ్డంగా ఒకటి, మూల నుంచి మూలకి ఒకటి వెల్డింగ్ పెట్టి బిగించేయండి. క్యాబిన్ ఇంకా కదలకూడదు. నేను విశాఖలో ఓడల పని చేసినప్పుడు కోతకి ముందు బ్రేసింగ్ లేకపోతే ఫోర్‌మన్ గ్రైండర్ కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు.

డాలస్_పాతబండి
చందు గారూ, పైకప్పు బాగుంది, అద్దాల చుట్టూ గట్టిగానే ఉంది. కౌల్ కింద కాళ్లు పెట్టుకునే చోట రెండు వైపులా చిల్లులు. ఎడమ వైపు ముందు స్తంభం అడుగు తినేసింది.
శ్రీను గారూ, పైపు తెచ్చి పెట్టుకున్నాను. శనివారం బ్రేసింగ్ మొదలు పెడతాను.

ఆటోనగర్_బాబాయ్
తమ్ముడూ, శనివారం ఆగు. శ్రీను గారు చెప్పింది మంచిదే, కానీ వరస అది కాదు.

నేను బెజవాడ ఆటోనగర్‌లో 35 ఏళ్లుగా టింకరింగ్ చేస్తున్నాను. లారీ క్యాబిన్లే ఎక్కువ. వంగి ఉన్న క్యాబిన్‌కి పైపులు బిగిస్తే ఆ వంపు అలాగే ఉండిపోతుంది. తర్వాత ఎన్ని కొత్త రేకులు వేసినా డోర్ పడదు. మొదట అది ఎందుకు వంగిందో తెలుసుకోవాలి, నిలబెట్టాలి, అప్పుడు బిగించాలి.

మూడు సంగతులు చెప్పు. ఒకటి, క్యాబిన్ ఇప్పుడు దేని మీద కూర్చుంది? ఫొటో పెట్టు. రెండు, రెండు డోర్ల సందుల్లోనూ మూల నుంచి మూలకి టేపుతో కొలువు, రెండు వైపులా. మూడు, డోర్ తెరిచి చివర పట్టుకుని పైకి కిందికి ఊపు. హింజుల దగ్గర ఆట ఉంటే పిన్నులు అరిగాయి, అప్పుడు తప్పు క్యాబిన్‌ది కాదు.

క్యాబిన్ బాగుందో లేదో కంటితో చూసి చెప్పలేం. డోర్ చెబుతుంది. డోరుకి మొహమాటం ఉండదు.

ల్యాబ్_లలిత
పని మొదలు పెట్టకముందే ఒక మాట. ఆ రోజుల్లో పైకప్పు కోసిన అతుకుల్ని పుట్టీతో కాకుండా సీసంతో నింపేవాళ్లు. బాడీ సోల్డర్ అంటారు, నాలుగింట మూడొంతులకి దగ్గరగా సీసం, మిగతాది తగరం. స్తంభాల మీద, వెనక కిటికీ కింద మెత్తగా బూడిద రంగులో ఏదైనా కనబడితే దాని మీద గ్రైండర్, శాండర్ పెట్టకండి. ఆ దుమ్ము గరాజ్ అంతా పరుచుకుంటుంది. సన్నటి మంటతో కరిగించి తుడిచేయడం, మిగిలింది ఆకురాయితో చేత్తో తీయడం మేలు. పాత కార్ల రంగుల్లో కూడా సీసం ఉండేది, కాబట్టి మాస్క్ మామూలు గుడ్డది కాదు, ఫిల్టర్లున్నది. ఆ బట్టలు ఇంట్లోకి రానివ్వకండి. చిన్న పిల్లలుంటే ఇంకా జాగ్రత్త.

డాలస్_పాతబండి
లలిత గారూ, చాలా థాంక్స్. మా పాప ఆరేళ్లది, గరాజ్‌లోకి వస్తూనే ఉంటుంది. ఈ రోజు నుంచి తలుపు గడియ పెట్టాను.

గోదారి_గట్టు
ఈ షెవర్లే పేరు వింటే మా రాజమండ్రి వైపు పెద్దవాళ్లకి ప్రాణం లేచొస్తుంది. షెవర్లేలు చేసే అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 దాకా బొంబాయి శివ్డీలో బళ్లు బిగించేది. మా తాతగారి లారీ అలా వచ్చిన షెవర్లేనే. చాలామంది ఛాసిస్, కౌల్ వరకే కొనేవాళ్లు, క్యాబిన్ ఇక్కడ వడ్రంగుల చేత టేకుతో కట్టించేవాళ్లు. మా లారీకీ కర్ర క్యాబినే. తుప్పు బాధ లేదు, చెదల బాధ ఉండేది.

అసలురూపు
@గోదారి_గట్టు ఆ లారీ ఇంకా ఉందా?

గోదారి_గట్టు
లేదు. స్టీరింగ్ చక్రం ఒక్కటి మిగిలింది. మా నాన్నగారు హాల్లో పెట్టుకున్నారు.

తెనాలి_కుర్రాడు
నాకు తెలియక అడుగుతున్నా, పైకప్పు కోసి దించడం ఎందుకసలు? తల తగలదా?

న్యూజెర్సీ_చందు
గాలి తక్కువ తగిలి బండి వేగం పెరగాలని. దక్షిణ కాలిఫోర్నియాలో మ్యూరాక్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నుంచే కుర్రాళ్లు పాత బళ్లు తేలిక చేసి పరిగెత్తించేవాళ్లు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చేతిలో అది ఇంకా పెరిగింది. తర్వాత తర్వాత అందం కోసం చేశారు. 3 అంగుళాలకి తల తగలదు, సీటు కాస్త దించుకుంటే సరి.

చెప్పడం తేలిక గానీ చేయడం కష్టమైన పని. ఈ క్యాబిన్ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. స్తంభాల్లో 3 అంగుళాల ముక్క తీసేసి పైభాగాన్ని దించితే పై స్తంభం, కింది స్తంభం ఒకదాని మీద ఒకటి కూర్చోవు. పైకప్పునైనా మధ్యలో కోసి పెంచాలి, లేదా స్తంభాల్నైనా కోతలు పెట్టి వంచాలి. మన డాలస్ అన్న క్యాబిన్‌లో ఏది చేశారో చూస్తే ఆ పని చేసినవాడి చేతి విలువ తెలుస్తుంది.

డాలస్_పాతబండి
కొలిచాను. మూల నుంచి మూలకి రెండు కర్ణాలూ తీసుకున్నా. కుడి వైపు రెండింటికీ తేడా ఎంతుందో ఎడమ వైపు అంతకంటే అర అంగుళం ఎక్కువ. పై వెనక మూల నుంచి కింద ముందు మూలకి పొడవు పెరిగింది.

హింజుల్లో ఆట లేదు. ఊపి చూశాను, గట్టిగా ఉన్నాయి.

క్యాబిన్ గరాజ్‌లో రెండు దుంగల మీద ఉంది. ఒకటి వెనక, ఒకటి సరిగ్గా మధ్యలో. ముందు భాగం కింద ఏమీ లేదు, అదీ ఫొటోలో ఉంది.

ముందు స్తంభాలు చూశాను చందు గారూ. కింది స్తంభానికి కోతలు పెట్టి వెనక్కి వంచారు. లోపల వైపు నుంచి ఒక రేకు గొట్టం దూర్చి దాని మీద అతికారు. చూడటానికి శుభ్రంగా ఉంది.

ఆటోనగర్_బాబాయ్
లోపల గొట్టం దూర్చినవాడు పని తెలిసినవాడు. ఆ స్తంభాల జోలికి వెళ్లకు.

ఇప్పుడు ఫొటో సంగతి. ఎడమ వైపు ముందు స్తంభం అడుగు తినేసిందన్నావు. దుంగ మధ్యలో పెట్టావు. అంటే కౌల్, ఫైర్‌వాల్, డోర్ బరువు అంతా గాల్లో వేలాడుతోంది. పట్టుకోవాల్సిన అడుగే లేదు. కిందికి దిగక ఏం చేస్తుంది? డోర్ ముందు స్తంభానికి వేలాడుతుంది కాబట్టి దానితో పాటే దిగింది. అందుకే హ్యాండిల్ ఎత్తితే గానీ పడటం లేదు.

కౌల్ అడుగున, రేకు గట్టిగా ఉన్నచోట, అడ్డంగా ఒక చెక్క పెట్టి దాని కింద బాటిల్ జాక్ పెట్టు. రసమట్టం ఒకటి ఫైర్‌వాల్ మీద, ఒకటి వెనక గోడ కింద అంచు మీద పెట్టు. పావు అంగుళం లేపు, ఆగు, కొలువు. మళ్లీ లేపు. తొందర వద్దు. జాక్ మీద నమ్మకం పెట్టి కింద దూరకు, పక్కన స్టాండు పెట్టు.

వెల్డర్_శ్రీను
బాబాయ్ చెప్పింది కరెక్ట్, నేను ఫొటో చూడకుండా రాసేశాను. ఓడ బ్లాకులకి కింద సరైన దిమ్మలు ముందే ఉంటాయి, అందుకని మాకు ఆ ఆలోచనే రాదు. బ్రేసింగ్ మాత్రం ఎప్పటికైనా తప్పదు. పెట్టేటప్పుడు పైపులు క్యాబిన్ లోపలి వైపుకి జరిపి పెట్టండి, డోర్ తగిలించి మూసి చూసుకునే వీలు ఉండాలి.

డాలస్_పాతబండి
రాత్రి 11 అయింది, అయినా రాయకుండా ఉండలేకపోతున్నా.

జాక్‌తో మూడు విడతల్లో లేపాను. ఎడమ వైపు ఆ అర అంగుళం తేడా అంగుళంలో 8వ వంతుకి వచ్చేసింది! డోర్ పై సందు తెరుచుకుంది. హ్యాండిల్ ఎత్తకుండా వదిలితే లాక్ దానంతట అదే పడింది. మూడుసార్లు మూసి చూశాను.

మెలితిరగలేదు. కోసినవాడిని నేను అనవసరంగా తిట్టుకున్నాను. తుప్పు చేసిన పని ఇది.

ఆటోనగర్_బాబాయ్
ఇప్పుడు పెట్టుకో శ్రీను గారి పైపులు. ఎడమ నుంచి కుడికి రెండు, ప్రతి డోరు వెనకా ఏటవాలుగా ఒకటి. జాక్ అలాగే ఉంచి బిగించు.

అసలురూపు
నిజం చెప్పాలంటే సంతోషంగా ఉంది. అయినా నా మాట అదే. ఇంత గట్టి క్యాబిన్ అయితే పాత పైకప్పు ఒకటి తెచ్చి మళ్లీ 3 అంగుళాలు లేపండి. కంపెనీ గీసిన గీత వేరు. ఆ పైకప్పు వంపు, ఆ కిటికీ ఎత్తు ఒకదానికొకటి కుదిరి ఉంటాయి.

న్యూజెర్సీ_చందు
నేను ఒప్పుకోను. లోపల గొట్టం దూర్చి ఎవరో నెలల తరబడి చేసిన పని అది. ఆ గీత కూడా బండి చరిత్రే. మళ్లీ కోస్తే ఇంకో నాలుగు అతుకులు, ఇంకో నాలుగు చోట్ల తుప్పు.

అసలురూపు
చరిత్ర అనేది కంపెనీ వదిలిన రోజున మొదలవుతుంది చందు గారూ.

న్యూజెర్సీ_చందు
అక్కడితో ఆగదు కదా.

డాలస్_పాతబండి
ఇద్దరి మాటా విన్నాను. పైకప్పు అలాగే ఉంచుతున్నాను. స్తంభాలు అంత బాగా చేసి ఉంటే మళ్లీ కోయడానికి నాకు చేతులు రావడం లేదు.

బండి గుర్తింపు నంబరు రేకు సంగతి కూడా అడగాలి. ఈ బళ్లకి ఆ రేకు డ్రైవర్ వైపు డోర్ స్తంభం మీద ఉంటుంది. ఛాసిస్‌తో వచ్చిన టైటిల్ (బండి యాజమాన్యపు) కాగితాలు నలిగిపోయిన క్యాబిన్ రేకు నంబరుతో ఉన్నాయి. కొత్తగా కొన్న క్యాబిన్ మీద వేరే రేకు ఉంది. అది తీసి ఇది కొట్టేస్తే సరిపోతుందా?

కొలంబస్_క్లర్క్
వద్దు. ముట్టుకోకండి. ఆ రేకు తీయడం, మార్చడం ఫెడరల్ చట్టం కింద నేరం కావొచ్చు. రిపేరుకి మినహాయింపు ఉన్నా మీ ఇష్టానికి మీరు చేసేది కాదు. రెండు రేకులకీ ఫొటోలు తీయండి, క్యాబిన్ కొన్న రసీదు పెట్టుకోండి, టెక్సస్ మోటారు వాహనాల శాఖని ముందే అడగండి. వాళ్లు చెప్పినది కాగితం మీద తీసుకోండి. పాత క్యాబిన్ కూడా అప్పటిదాకా తుక్కుకి పంపకండి, చూపించమంటే చూపించాలి.

డాలస్_పాతబండి
సరే, సోమవారం ఫోన్ చేస్తాను. పాత క్యాబిన్ వెనక పెరట్లో టార్పాలిన్ కింద ఉంది.

ఫ్లోర్ తీశాను ఈ రోజు. గేర్‌బాక్స్ మీద మాటు రివెట్లు కొట్టి ఉంది. తిప్పితే దాని వెనక పసుపు రంగులో రోడ్డు మలుపు బాణం గుర్తు! ఎవరో రోడ్డు బోర్డు కోసి వేశారు.

తెనాలి_కుర్రాడు
మలుపు వస్తోందని డ్రైవర్‌కి కాళ్ల కింద నుంచే చెప్పారన్నమాట 😄

ల్యాబ్_లలిత
అయస్కాంతం అంటుకోకపోతే అది అల్యూమినియం. అల్యూమినియం, ఉక్కు కలిసినచోట తడి చేరితే అల్యూమినియం కరుగుతూ తెల్లటి పొడి అవుతుంది, ఆ పొడి తడిని పట్టి ఉంచుతుంది, దాని పక్కనే ఉన్న ఉక్కు కూడా తుప్పు పడుతుంది. రివెట్ల చుట్టూ ఫ్లోర్ ఎంత దూరం పోయిందో బాగా చూడండి.

ఇంకో జాగ్రత్త. తుప్పు తీయడానికి వాషింగ్ సోడా నీళ్లలో కరెంటు పెట్టే పద్ధతి మీలో కొందరు వాడతారు. అది మంచిదే, కానీ స్టెయిన్‌లెస్ స్టీల్ ముక్కని అందులో వాడకండి, నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది. మామూలు ఇనుమే వాడండి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి తలుపులు తెరిచి ఉంచండి. అలాగే వెల్డింగ్ పెట్టే రేకుని క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడవకండి, ఆ వేడికి ఫాస్జీన్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో వాడిన విషవాయువు అదే.

వెల్డర్_శ్రీను
ఈ చివరి మాట నాకు 12 ఏళ్ల పని తర్వాత గానీ తెలియలేదు. అందరూ గుర్తుపెట్టుకోండి. 1949 నుంచి ఈ బళ్లకి పెట్రోల్ ట్యాంకు క్యాబిన్ లోపల, సీటు వెనకే ఉండేది. మీ పాత ట్యాంకు గరాజ్‌లోనే ఉంటే బయట పెట్టేయండి. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, లోపల ఆవిరి ఉంటుంది.

డాలస్_పాతబండి
ట్యాంకు బయటికి తీసేశాను. ఇప్పుడు రేకు సంగతి చెప్పండి. ఏ మందం వాడాలి, ఏ వరసలో వేయాలి?

ఆటోనగర్_బాబాయ్
18 గేజ్. అంటే 1.2 మిల్లీమీటర్లు. మన గేజ్ లెక్కా, అమెరికా గేజ్ లెక్కా ఆ మందం దగ్గర ఒకటే వస్తాయి. 20 గేజ్ తేలికగా వంగుతుందని వేయబోతావు, కాలి బరువుకి ఫ్లోర్ డబడబమంటుంది, వద్దు.

వరస ఇది. ముందు స్తంభం అడుగు మొదట. అది గట్టిపడ్డాక డోర్ కింద లోపలి గుమ్మం రేకు. తర్వాత ఫ్లోర్, దానితో పాటు క్యాబిన్‌ని ఛాసిస్‌కి పట్టే చోట్లు. వెనక మూలల లోపలి రేకు. పైకి కనిపించే మూల చిట్టచివర. అందరూ కంటికి కనిపిస్తుంది కదా అని మూలతో మొదలు పెడతారు. లోపల ఏమీ లేకుండా బయట అందంగా చేస్తే రెండు వానాకాలాల్లో మళ్లీ పుట్టీ పగులుతుంది.

ప్రతి ముక్కకీ ముందు నాలుగు టాకులు (నిలబెట్టడానికి వేసే వెల్డింగ్ చుక్కలు) వేసి, డోర్ తగిలించి, మూసి, సందు చూసి, అప్పుడే పూర్తి వెల్డింగ్. సందు చుట్టూ 5 మిల్లీమీటర్లు ఉంటే చాలు. నేను చేస్తే గ్యాస్‌తోనే చేస్తాను. గ్యాస్ అతుకు మెత్తగా ఉంటుంది, సుత్తి, డాలీతో (రేకు వెనక పట్టుకునే ఇనుప దిమ్మ) కొడితే సాగుతుంది, గీత కూడా తెలియదు.

వెల్డర్_శ్రీను
ఇక్కడ బాబాయ్‌తో తేడా. ఆయన చేతికి గ్యాస్ సరే. రెండేళ్ల అనుభవానికి గ్యాస్ ఇస్తే ఆ వేడికి రేకు అలలు అలలుగా లేస్తుంది. మిగ్‌లో (తీగ దానంతట అదే వచ్చే కరెంటు వెల్డింగ్) 0.6 మిల్లీమీటర్ల తీగ, 75 పాళ్లు ఆర్గాన్, 25 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ గ్యాస్. గీత లాగకండి. ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క జానెడు అవతల, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక మధ్యలో ఇంకోటి. మూల ఒక్కటి పూర్తవడానికి రెండు సాయంత్రాలు పడుతుంది, పట్టనివ్వండి. ఒకదాని మీద ఒకటి ఎక్కించకండి, అంచుకి అంచు పెట్టి అతకండి. ఎక్కించినచోట సందులో తడి చేరుతుంది, అక్కడే మళ్లీ తుప్పు.

ఆటోనగర్_బాబాయ్
రెండేళ్ల చేతికి మిగ్గే మంచిది, ఒప్పుకున్నా. అయితే మిగ్ చుక్క గట్టిది, పగలకుండా సాగదు. చుక్క పైభాగం గ్రైండ్ చేసి, వెనక డాలీ పెట్టి మెల్లగా కొట్టుకుంటూ పో. వేడికి ముడుచుకున్న రేకుని కొట్టి సాగదీయడమే టింకరింగ్ అంటే.

గోదారి_గట్టు
మా మామయ్య మహీంద్రా పికప్‌కి నాలుగేళ్ల కింద ఇదే తప్పు చేయించాం. బయట మూలలు మెరిసేలా చేశారు, లోపల పాత తుప్పు అలాగే వదిలారు. రెండో వానాకాలానికి రంగు కింద బుడగలు. ఎక్కించిన మాటు అంచు వెంబడే వచ్చాయి. ఈసారి మొత్తం తీయించి బాబాయ్ చెప్పిన వరసలోనే చేయిస్తున్నాం.

ఒక సందేహం. ఈ క్యాబిన్లకి మూలలే ఎందుకు అంత పోతాయి?

న్యూజెర్సీ_చందు
నీళ్లు లోపలికి దారి ఉంది, బయటికి దారి లేదు. వెనక అద్దం రబ్బరు ఎండిపోయి పగిలాక వాన గోడ లోపల నుంచి దిగి మూలలో చేరుతుంది. అక్కడ రేకు రెండు పొరలు. దుమ్ము, ఎలకల గూళ్లు చేరి తడిని పట్టి ఉంచుతాయి. ముందు వైపు కౌల్ మీద గాలి మూత ఉంటుంది కదా, దాని రబ్బరు పోతే కాళ్ల దగ్గర అదే కథ. రేకు వేశాక లోపల పొరలకి మైనం లాంటి తుప్పు మందు కొట్టి, అడుగున నీళ్లు పోయే చిల్లు ఒకటి వదలండి.

డాలస్_పాతబండి
ఐదు వారాల పని. ఎడమ స్తంభం అడుగు, లోపలి గుమ్మం, ఫ్లోర్ సగం అయ్యాయి. స్తంభం అడుగు రెడీమేడ్ ముక్క తెప్పించాను, ఫ్లోర్ మాత్రం నేనే కోశాను.

కొత్త సమస్య. వెనక కిటికీ కింద అడ్డంగా ఉన్న అతుకు దగ్గర సీసం కరిగించాను. దాని కింద పసుపు రంగు. స్తంభాలు స్టీల్‌తో అతికారు, వెనక మాత్రం మొత్తం ఇత్తడి కడ్డీతో అతికారు. రెండు చోట్ల సన్నటి పగులు ఉంది. దాని మీద మిగ్ చుక్క వేస్తే ఉమ్మినట్టు ఎగిరిపోతోంది, పక్కనే ఇంకో పగులు వచ్చింది.

వెల్డర్_శ్రీను
ఆపండి! ఇత్తడి మీద స్టీల్ వెల్డింగ్ ఎప్పటికీ నిలవదు. కరిగిన రాగి స్టీల్ లోపలికి దూరి పగలగొడుతుంది. ఇత్తడిలో జింక్ ఉంటుంది, ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి జ్వరం వస్తుంది.

ఆటోనగర్_బాబాయ్
ఇత్తడి గీకితే పోతుందనుకోకు, అంచుల్లోకి పాకి ఉంటుంది. అతుకుకి పైన అర అంగుళం, కింద అర అంగుళం వదిలి, మంచి రేకు కనిపించేదాకా ఆ పట్టీ మొత్తం కోసెయ్. అంగుళం వెడల్పు కొత్త 18 గేజ్ పట్టీ చేసి మధ్యలో కూర్చోబెట్టు. ఒకేసారి ఈ చివర నుంచి ఆ చివరకి కోయకు. జానెడు కోసి, జానెడు అతికి, తర్వాత జానెడు. అప్పుడు పైకప్పు కదలదు. ఇత్తడి పనికి వాడిన ఫ్లక్స్ (అతుకు పట్టడానికి వేసే పొడి) మిగిలితే రంగు నిలవదు, వేడి నీళ్లతో వైర్ బ్రష్ పెట్టి కడుగు.

అసలురూపు
డాలస్ తమ్ముడూ, నా దగ్గర వెనక గోడ అసలు ముక్క ఒకటి ఉంది, 1950 క్యాబిన్‌ది, కిటికీ కింది భాగం అంతా. ఆ పట్టీకి కావాల్సిన వంపు దానిలో ఉంది. నేను ఆస్టిన్‌లో ఉంటాను. వచ్చి తీసుకెళ్లండి, డబ్బులు వద్దు.

డాలస్_పాతబండి
అన్నా, ఏమనాలో తెలియడం లేదు. ఆదివారం వస్తాను.

న్యూజెర్సీ_చందు
@అసలురూపు కోసిన క్యాబిన్‌లో మీ అసలు రేకు! మీకు సెల్యూట్.

అసలురూపు
రేకు రేకే. మూలన పడి ఉండే కంటే బండి మీద ఉంటే నాకు సంతోషం.

డాలస్_పాతబండి
వెనక పట్టీ అయిపోయింది. 11 సాయంత్రాలు పట్టింది. జానెడు జానెడు చొప్పున చేశాను, పైకప్పు ఒక్క దారం కూడా కదల్లేదు. టేపు పెట్టి రోజూ రాసుకున్నాను. అసలురూపు అన్న ఇచ్చిన ముక్క వంపు అచ్చంగా సరిపోయింది.

మోటారు వాహనాల శాఖ వాళ్లు రెండు రేకుల ఫొటోలు, రసీదు తెమ్మన్నారు. పాత క్యాబిన్ చూపించాక ఏం చేయాలో వాళ్లే కాగితం ఇస్తామన్నారు.

అద్దాల గురించి ఒక్కటి చెప్పండి. ముందు అద్దాలు రంగు తర్వాతే చేయించాలా?

న్యూజెర్సీ_చందు
1953 దాకా ముందు అద్దం రెండు ముక్కలు, రెండూ చదును. 1954 నుంచి ఒకే వంపు అద్దం వచ్చింది. చదునుగా ఉండే లామినేటెడ్ (మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్న) అద్దాన్ని ఏ అద్దాల షాపువాడైనా కోస్తాడు, మీకు ఆ అదృష్టం ఉంది. టెంపర్డ్ (వేడి చేసి గట్టిపరిచిన) అద్దం మాత్రం కోయడానికి కుదరదు, ముక్కలైపోతుంది. వెనక మూలల్లో వంపు అద్దాలు పాతవే సరిపోతున్నాయా చూడండి, మొదట వాటి సంగతి తేల్చుకోండి. రబ్బరు పెట్టి, అట్టతో నమూనా కోసి, అది సరిగ్గా కూర్చున్నాకే షాపుకి. రంగు తర్వాత ఇంకోసారి నమూనా చూసుకోండి, రంగు మందానికి కూడా రబ్బరు బిగుస్తుంది.

డాలస్_పాతబండి
మూల అద్దాలు పాతవే ఉన్నాయి, వాటికి తగ్గట్టే కోసి దించారు. అట్ట నమూనాలు ఈ వారం చేస్తాను.

ఆటోనగర్_బాబాయ్
కుడి వైపు ఎప్పుడు మొదలు? ఎడమ వైపు బాగుంది కదా అని కుడి వైపుని తేలిగ్గా తీసుకోకు. జాక్ ఇప్పుడు కుడి కింద పెట్టి, ఎడమ డోర్ కూడా మూసి ఉంచి కొలువు. ఒక వైపు లేపితే రెండో వైపు మారుతుంది.

డాలస్_పాతబండి
రేపు సాయంత్రం బాబాయ్. కుడి స్తంభం అడుగు ముక్క కూడా వచ్చేసింది. రసమట్టం ఫైర్‌వాల్ మీదే ఉంచాను, తీయలేదు.

ఆటోనగర్_బాబాయ్
కోయకముందు కొలతలు ఇక్కడ పెట్టు. చూసి చెబుతాను.